ఒకే వాక్యానికి యూదులు ఒకటి, క్రైస్తవులు ఒకటి, ముస్లింలు ఒకటి చెప్తారెందుకు? ఎవరిది కరెక్ట్?

వందనాలండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఆఫీసు ఫ్రెండ్ పంపిన వీడియోలో ఒక యూదు రబ్బీ, యెషయా 53 యేసు గురించి కాదు ఇశ్రాయేలు జనం గురించి అన్నాడు, యెషయా 7:14లో అసలు "కన్యక" అనే మాటే లేదన్నాడు. మీ సంఘంలో అయ్యగారిని అడిగితే వాళ్ళు కావాలనే అర్థం మార్చేశారు అన్నారు. పుస్తకం ఒకటే కదా, మరి అర్థాలు ఇన్ని ఎలా వచ్చాయి, ఎవరో ఒకళ్ళు అబద్ధం చెప్తున్నట్టే కదా అని మీ డౌటు.

నేరుగా చెప్పేస్తాను. మీరడిగిన రెండు వాక్యాల్లోనూ ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అర్థం దగ్గరికొచ్చాక విడిపోయారని మనం అనుకుంటాం గానీ వాళ్ళు అంతకంటే చాలా ముందే విడిపోయారండి, అక్షరాలు ఎలా పలికారు, ఏ భాషలోకి తెచ్చుకున్నారు, ఆ పేజీ తర్వాత ఏ పేజీ పెట్టుకున్నారు, ఏ పండగరోజున ఎవరి మధ్య కూర్చుని చదివారు, ఇవన్నీ తేడా పడ్డాక అర్థం తేడా పడకుండా ఎలా ఉంటుంది? ఎవరి చదువు వాళ్ళ వరుసలో పొందికగానే ఉంటుంది. ఆ వరుస తెలియకుండా చివరి మాట ఒక్కటి పట్టుకుంటేనే మోసంలా కనిపిస్తుంది.

నేను గోదావరి జిల్లాల్లో ఒక బైబిల్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా హెబ్రీ భాష, పాత నిబంధన చెప్పాను. నేను క్రైస్తవుణ్ణే, నా విశ్వాసం నాకుంది. అది ముందే చెప్తున్నా, ఎందుకంటే నేను చెప్పేది ఎక్కడ నిలబడి చెప్తున్నానో మీకు తెలియాలి.

మొదట అక్షరాల సంగతి. హెబ్రీలో పాతకాలంలో హల్లులే రాసేవాళ్ళు, గుణింతం ఉండదు. అంటే "కల" అని, "కాలు" అని, "కీలు" అని రాయాలన్నా క-ల అని రెండు అక్షరాలు పెట్టి వదిలేసినట్టు అనమాట, చదివేవాడు సందర్భం చూసి పలుక్కోవాలి. ఇప్పుడు ముద్రించిన హెబ్రీ బైబిల్లో అక్షరాల కింద పైన కనిపించే చుక్కలు, గీతలు తిబెరియాలో మసోరెతులనే పండితులు క్రీ.శ. 7 నుంచి 10 శతాబ్దాల మధ్య స్థిరపరిచినవి. పలికే పద్ధతి అంతకుముందు నుంచీ నోటి నుంచి నోటికి వస్తూనే ఉంది, కాగితం మీదికి అప్పుడొచ్చింది.

క్లాసులో మొదటివారంలోనే నేనొక పని చేయించేవాణ్ణి, మీరూ ఇప్పుడే చేయొచ్చు, మీ తెలుగు బైబిల్ చాలు. ఆదికాండము 47:31 తీయండి, యాకోబు చనిపోయే ముందు వంగి నమస్కారం చేస్తాడు, ఎక్కడ? మంచం తల వైపున. ఇప్పుడు హెబ్రీయులకు రాసిన పత్రిక 11:21 తీయండి, అదే యాకోబు, అదే సందర్భం, అక్కడ చేతికర్ర మీద ఆనుకుంటాడు. పిల్లలు ఒకళ్ళ బైబిల్లోకి ఒకళ్ళు తొంగి చూసుకునేవాళ్ళు, ప్రింటింగ్ తప్పేమో అని. తప్పేం కాదండి. హెబ్రీలో అక్కడున్నవి మ-ట-హ మూడే అక్షరాలు. "మిట్టా" అని పలికితే మంచం, "మట్టే" అని పలికితే కర్ర. మసోరెతులకు అందిన పలుకుబడి మంచం. అంతకు వందల ఏళ్ళ ముందు దాన్ని గ్రీకులోకి తెచ్చిన యూదులు కర్ర అని చదివారు, కొత్త నిబంధన రాసినవాళ్ళు ఆ గ్రీకు చదివారు. రెండూ మన ఒకే పుస్తకంలో, ఒకే అట్టల మధ్య, పక్కపక్కన కూర్చుని ఉన్నాయి.

మీరు హిందూ కుటుంబం నుంచి వచ్చారని రాశారు కాబట్టి ఇది ఇంకా తేలిగ్గా పట్టుకోగలరు. ఛాందోగ్య ఉపనిషత్తులో "స ఆత్మా తత్త్వమసి" అనే వాక్యాన్ని శంకరులు "తత్ త్వమ్ అసి", అది నువ్వే అని విడదీస్తే, మధ్వాచార్యులు అదే సంధిని "అతత్ త్వమ్ అసి", నువ్వు అది కావు అని విడదీశారు. అక్షరం మార్చారా? లేదు. ఒకరు అద్వైతం, ఒకరు ద్వైతం. వాళ్ళలో ఒకరిని మోసగాడని మనం ఎప్పుడైనా అన్నామా?

ఇలాంటిదే ఇంకోటి, మోషే కొండ దిగి వచ్చినప్పుడు ముఖం ప్రకాశించింది అనే చోట (నిర్గమకాండము 34:29) ఉన్న క-ర-న అనే ధాతువుకు కొమ్ము అనే మాటతో చుట్టరికం ఉంది, జెరోమ్ లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు కొమ్ము అర్థం తీసుకున్నాడు, ఆ పుణ్యమా అని రోములో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహానికి ఈరోజుకీ తల మీద రెండు కొమ్ములుంటాయి.

ఇప్పుడు మీ యెషయా 7:14. హెబ్రీలో ఉన్న మాట "అల్మా". అంటే పడుచుపిల్ల, ఈడొచ్చిన అమ్మాయి. అది కన్య కాదని ఆ మాట చెప్పదు, కన్యే అని కూడా ఆ మాట చెప్పదు. కన్య అని గట్టిగా చెప్పాలంటే సాధారణంగా "బెతులా" అనే వేరే మాట వాడతారు. కాబట్టి ఆ రబ్బీ చెప్పిన మాట భాషాపరంగా సరైనదే. మరి కన్యక ఎక్కణ్ణుంచి వచ్చింది? గ్రీకు నుంచి. యేసు పుట్టడానికి వందేళ్ళకు పైగా ముందే, యెషయాను గ్రీకులోకి తెచ్చిన వాళ్ళు అక్కడ "పార్థెనోస్" అని పెట్టారు. ఆ అనువాదం చేసింది క్రైస్తవులు కాదు, యూదులే. ఈ ఒక్క ముక్క రెండువైపులా మర్చిపోతారు. ఆ పార్థెనోస్ కూడా అంత బిగుతైన మాట కాదు, ఆదికాండము 34లో యాకోబు కూతురు దీనా మీద అత్యాచారం జరిగిపోయాక కూడా గ్రీకులో ఆమెను పార్థెనోస్ అనే రాశారు. మత్తయి ఆ గ్రీకు వాక్యాన్ని ఎత్తి చూపించాడు, క్రైస్తవులకు అది పునాది అయింది. 2వ శతాబ్దానికి యూదులూ క్రైస్తవులూ ఈ మాట మీద గట్టిగా వాదించుకుంటున్నారు, జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ట్రైఫో అనే యూదుడితో చేసిన సంభాషణగా రాసిన దాంట్లో సరిగ్గా మీ ప్రశ్నే ఉంది. అదే కాలంలో యూదుమతంలోకి మారిన అక్విల అనే ఆయన కొత్తగా గ్రీకు అనువాదం చేసి అక్కడ "నెయానిస్", అంటే యువతి అని పెట్టాడు.

యూదులు ఆ వాక్యాన్ని ఎక్కడ నిలబడి చదువుతారంటే ఆ అధ్యాయంలోనే. ఆహాజు రాజు యెరూషలేములో గజగజలాడుతున్నాడు, ఉత్తరాన ఇశ్రాయేలు రాజూ సిరియా రాజూ ఏకమై మీదికొస్తున్నారు, ఇది క్రీ.పూ. 735 ప్రాంతం. ఒక పిల్లవాడు పుట్టి మంచీ చెడూ తెలిసే వయసు వచ్చేలోపే ఆ ఇద్దరు రాజుల దేశం పాడైపోతుంది అని ప్రవక్త గుర్తు ఇస్తున్నాడు. భయపడుతున్న రాజుకి ఏడు వందల ఏళ్ళ తర్వాత పుట్టే బిడ్డ గుర్తు ఎలా అవుతాడు అని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. క్రైస్తవ పండితుల్లో చాలామంది దీనికిచ్చే జవాబు, అప్పటి బిడ్డ అప్పటికి గుర్తు, మత్తయి ఆ మాటలో ఇంకా నిండిన అర్థం చూశాడు అని. నేను నమ్మేది అదే. కానీ "హెబ్రీలోనే కన్యక అని ఉంది" అని మాత్రం నేను చెప్పను, చెప్పలేను.

ఇది చెప్పినందుకు నాకు ఒకసారి బాధ కలిగింది. ఒక ఊరి సభల్లో మూడు రోజులు వాక్యం చెప్పమని పిలిచారు, మొదటి రోజు ఎవరో కుర్రాడు అడిగితే అల్మా గురించి ఇక్కడ రాసినట్టే చెప్పాను, మర్నాడు పొద్దున్నే పెద్దలొచ్చి మిగతా రెండు రోజులు వేరేవాళ్ళని పెట్టుకున్నాం అన్నారు. అడిగిన కుర్రాడు బస్టాండ్ దాకా నా బ్యాగ్ మోసుకుంటూ వచ్చాడు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అమెరికాలో 1952లో కొత్త ఇంగ్లీషు అనువాదం వచ్చి అందులో "యువతి" అని పెడితే ఒక పాస్టర్ ఆ పేజీ చింపి తగలబెట్టాడు. భయం ఎక్కడైనా ఒకటే.

యెషయా 53 దగ్గర నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదటి నాలుగైదేళ్ళు నేను కూడా క్లాసులో ఏం చెప్పేవాణ్ణంటే, ఆ బాధపడే సేవకుడు ఇశ్రాయేలు జనం అనే అర్థాన్ని రాషీ అనే పెద్ద యూదు వ్యాఖ్యాత 11వ శతాబ్దంలో కొత్తగా కల్పించాడు, అంతకుముందు యూదులందరూ మెస్సీయ అనే చెప్పేవాళ్ళు అని. నాకు చెప్పినవాళ్ళు అలా చెప్పారు, నేనూ అలా అప్పజెప్పాను. తర్వాత ఓరిగెను రాసింది చదివాను. ఆయన 3వ శతాబ్దం క్రైస్తవ పండితుడు, రాషీకి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ ముందువాడు. తాను యూదు పండితులతో వాదించినప్పుడు వాళ్ళు ఆ సేవకుణ్ణి ఒక మనిషిగా కాక, చెదిరిపోయి దెబ్బలు తింటున్న మొత్తం జనంగా చెప్పారని ఆయనే రాశాడు. అంటే క్రైస్తవుడి సాక్ష్యంతోనే నా పాఠం తప్పైంది. మర్నాడు క్లాసులో ఆ మాట చెప్పి పాత నోట్సు కొట్టేయించాను. అప్పటికే చదువుకుని వెళ్ళిపోయిన వాళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది, వాళ్ళెన్ని పల్పిట్ల మీద నా తప్పు చెప్పి ఉంటారో.

అలాగని యూదులందరిదీ ఒకటే మాట అనుకోకండి. అరామిక్‌లో ఉన్న వాళ్ళ పాత తర్గూము, అంటే వివరణతో కూడిన అనువాదం, ఆ సేవకుణ్ణి మెస్సీయ అనే అంటుంది, కాకపోతే బాధలన్నీ వేరేవాళ్ళ మీదికి మళ్ళిస్తుంది. జనం అని చెప్పేవాళ్ళ ఆధారం కూడా బలమైనదే, యెషయా 49:3లో దేవుడు "నువ్వు నా సేవకుడివి, ఇశ్రాయేలూ" అని పేరు పెట్టి పిలుస్తాడు. ఇంతకీ ఈ ప్రశ్న కొత్త నిబంధనలోనే ఉందండి. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో కూర్చుని ఇదే అధ్యాయం చదువుతూ ఫిలిప్పుని అడుగుతాడు, ప్రవక్త ఎవరి గురించి చెప్తున్నాడు, తన గురించా, వేరొకరి గురించా అని. మీ డౌటు అంత పాతది, అంత గౌరవమైనది.

ఇక్కడి దాకా మాటల సంగతి. ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన దానికొస్తాను, ఆదికాండము 22. అబ్రాహాము కొడుకుని బలి ఇవ్వబోయిన అధ్యాయం. ఆ కథ పందొమ్మిది వచనాలు, లోకంలో ఇంతమంది ఇన్ని రకాలుగా చదివిన పేజీ ఇంకోటి ఉందా అంటే నాకైతే గుర్తుకు రాదు.

పేరు దగ్గరే తేడా. మనం "ఇస్సాకు బలి" అంటాం, యూదులు "అకెదా" అంటారు, అంటే కట్టడం, ఇస్సాకుని కట్టేయడం. బలి జరగలేదు కదా మరి. రెండో వచనంలో దేవుడు "నీ కుమారుణ్ణి, నీకున్న ఒక్కగానొక్కణ్ణి, నువ్వు ప్రేమించేవాణ్ణి, ఇస్సాకుని" తీసుకెళ్ళమంటాడు. ఒక్క పేరు చెప్తే సరిపోయేదానికి నాలుగు మాటలెందుకు? మనం గబగబా చదివేసి ముందుకెళ్ళిపోతాం. రబ్బీలు ఆగారు. తాల్ముద్‌లో, అంటే ఆ రబ్బీల చర్చల గ్రంథంలో, దీన్ని సంభాషణగా విప్పారు, మధ్యలో అబ్రాహాము జవాబులు పెట్టి. నీ కుమారుణ్ణి. *నాకిద్దరున్నారు.* ఒక్కగానొక్కణ్ణి. *వీడు వాళ్ళమ్మకి ఒక్కడే, వాడు వాళ్ళమ్మకి ఒక్కడే.* నువ్వు ప్రేమించేవాణ్ణి. *ఇద్దర్నీ ప్రేమిస్తాను.* ఇస్సాకుని. అంతే, ఇంక తప్పించుకోవడానికి మాట లేదు. ఒక తండ్రి గొంతు అక్కడ వినపడుతుందండి, మూలంలో ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు, కానీ వినపడుతుంది. వాక్యంలో మాట ఎక్కువైనా తక్కువైనా అక్కడ తలుపుందని వాళ్ళ నమ్మకం. దీన్నే మిద్రష్ అంటారు.

క్రైస్తవులు కట్టెలు మోసుకుంటూ కొండెక్కుతున్న ఇస్సాకులో సిలువ మోసే యేసుని చూశారు, గుడ్ ఫ్రైడేకి మీరూ వినే ఉంటారు. ఇది పూర్తిగా మనదే అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆదికాండము మీదున్న యూదుల పాత మిద్రష్‌లోనే, ఇస్సాకు కట్టెలు మోశాడు, మనిషి తన సిలువని భుజాన మోసినట్టు అని ఒక మాట ఉంది. రోమా రాజ్యంలో బతికినవాళ్ళు, దారి పక్కన సిలువలు చూసినవాళ్ళు, ఇద్దరికీ ఆ కట్టెల మోపు చూస్తే అదే గుర్తొచ్చింది.

ఖురాన్‌లో 37వ సూరాలో ఈ సంగతి వస్తుంది, అక్కడ కొడుకు పేరు లేదు. తండ్రి తన కల సంగతి కొడుక్కి చెప్పి నువ్వేమంటావు అని అడుగుతాడు, కొడుకు మీకు ఆజ్ఞ అయింది చేయండి నాన్నా అంటాడు. ఈరోజు ముస్లింలు మామూలుగా ఇస్మాయిల్ (హాగరు కొడుకు ఇష్మాయేలు) అనే చెప్తారు, బక్రీద్ ఆ జ్ఞాపకమే. కానీ మొదటి శతాబ్దాల్లో వాళ్ళ వ్యాఖ్యాతల్లోనే రెండు పక్షాలున్నాయి, క్రీ.శ. 923లో చనిపోయిన తబరీ అంతటి పెద్ద పండితుడు ఇస్‌హాఖ్, అంటే మన ఇస్సాకు వైపే మొగ్గాడు. 14వ శతాబ్దంలో ఇబ్న్ కసీర్ ఇస్మాయిల్ అని గట్టిగా నిలబడ్డాడు. కాబట్టి ఎవరైనా మీతో "ఖురాన్ పేరు మార్చేసింది" అంటే, అక్కడ మార్చడానికి పేరే లేదని చెప్పండి.

రైన్ నది ఊళ్ళలో 1096లో క్రూసేడర్లు మీద పడ్డప్పుడు, బలవంతపు బాప్తిస్మం కంటే చావే మేలని కొందరు యూదు తల్లిదండ్రులు తమ పిల్లల్ని తామే చంపుకున్నారు. ఆ తర్వాతి శతాబ్దంలో బాన్ ఊరి ఎఫ్రాయిమ్ అనే రబ్బీ రాసిన పద్యంలో అబ్రాహాము కత్తి ఆగదు, ఇస్సాకు నిజంగా చనిపోతాడు, మళ్ళీ బతుకుతాడు. దానికి వాక్యంలో ఆధారం ఉందా అంటే 19వ వచనం చూడండి, అబ్రాహాము తన పనివాళ్ళ దగ్గరికి తిరిగొచ్చాడు అని ఉంటుంది. ఇస్సాకు పేరు లేదు. వెళ్ళేటప్పుడు "వాళ్ళిద్దరూ కలిసి వెళ్ళారు" అని రెండుసార్లు చెప్పిన రచయిత వచ్చేటప్పుడు ఒక్కణ్ణే తెచ్చాడు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళ కంటికి ఆ ఖాళీ కనిపించింది.

ఇప్పుడు మన ఊరి మాట. కోనసీమలో ఒక గృహ కూడికలో ఈ అధ్యాయం చెప్పాను, వెనక గోడకి చేరబడి ఒక మామ్మ కూర్చుంది, పెళ్ళికి ముందు పుట్టింట్లో జంగాలు చెప్పే కథలు విని పెరిగిన మనిషి. అయిపోయాక అంది, "ఇది మన సిరియాళుడి కథే కదయ్యా." శ్రీనాథుడు హరవిలాసంలో చెప్పిన చిరుతొండ నంబి కథ అది, శివుడు జంగమదేవర వేషంలో వచ్చి కొడుకు మాంసం వండి పెట్టమంటాడు, వండి పెడతారు, చివరికి కొడుకు మళ్ళీ వస్తాడు. నేను ఏదో తేడాలు చెప్పబోయాను. ఆమె ఆపింది. "అది సరేనయ్యా, అక్కడ తల్లిని అడిగారు, తల్లి ఒప్పుకుంది, ఆవిడే వండింది. మరి ఇక్కడ శారమ్మకి చెప్పాడా?"

నాకు జవాబు లేదు. బైబిల్లో లేదు, చెప్పాడని లేదు, చెప్పలేదని లేదు. ఇంటికొచ్చాక రాషీ తీశాను. తర్వాతి అధ్యాయం మొదలవ్వడమే శారా చనిపోవడంతో మొదలవుతుంది. ఈ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయి అని ఆయన అడిగి, కొడుకుని బలికి సిద్ధం చేశారనే కబురు చెవినపడి ఆమె ప్రాణం ఎగిరిపోయింది అని పాత మిద్రష్ చెప్తాడు. ఇంకో మిద్రష్ శారా ఏడుపుకీ, కొత్త సంవత్సరం పండగ నాడు పొట్టేలు కొమ్ము ఊదే శబ్దానికీ సంబంధం కలుపుతుంది. సినగాగ్‌లో ఈ అధ్యాయం చదివేది ఆ పండగ రెండో రోజునే. మొదటి రోజు హాగరునీ ఆమె బిడ్డనీ అడవిలోకి పంపేసిన అధ్యాయం చదువుతారు.

ఫ్రాన్సులో త్రోయెస్ అనే ఊళ్ళో 1105లో చనిపోయిన రబ్బీ అడిగిన ప్రశ్నే, ఆయన పేరు కూడా వినని కోనసీమ మామ్మ అడిగింది. జంగం కథ వినడం వల్ల అడగగలిగింది. నేను కాలేజీలో నేర్చుకున్న చదువు నన్ను ఆ ప్రశ్న అడగనివ్వలేదు. వేరే సంస్కృతి నుంచి చదివితే అర్థం పాడైపోతుంది అని భయపడేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఈ సంగతే.

అన్ని చదువులూ మంచివేనా అంటే, కాదు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. నోవహు శాపం ఆదికాండము 9:25లో కనాను మీద పడింది, దాన్ని హాము మీదికి, అక్కణ్ణుంచి ఆఫ్రికా వాళ్ళందరి మీదికి తోసి బానిసత్వానికి వాక్యం దొరికిందన్నారు. లండన్‌లో 1807లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక బైబిల్ ముద్రించారు, అందులో మోషే జనాన్ని ఐగుప్తు నుంచి విడిపించిన కథే తీసేశారు. అర్థం మార్చడమంటే ఇది. ఎందుకు తీశారో వేరే చెప్పక్కర్లేదు, అమెరికాలో బానిసలు ఆ కథనే పాటలుగా పాడుకున్నారు, తమని రాత్రుళ్ళు దాటించిన హారియెట్ టబ్‌మన్‌ని మోషే అని పిలుచుకున్నారు. ఏ చదువైనా సరే, దాని వల్ల ఎవరి మెడ మీద కాలు పడుతోందో చూడండి, నాకు తెలిసిన పరీక్ష ఇది.

చిన్న సంగతులు రెండు మూడు త్వరగా చెప్పేస్తాను. యూదుల బైబిల్ తనఖ్‌లో 24 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ పాత నిబంధనలో 39, సరుకు ఒకటే, లెక్కపెట్టే పద్ధతి వేరు, కానీ వరుస వేరు. మనది మలాకీతో ముగుస్తుంది, ఏలీయా వస్తాడు అని ఎదురుచూపు, పేజీ తిప్పితే మత్తయి. వాళ్ళది మామూలుగా దినవృత్తాంతములతో ముగుస్తుంది, కోరెషు రాజు యెరూషలేముకి తిరిగి వెళ్ళండి అనడంతో. చివరి పేజీ మారితే మొత్తం కథ మొహం ఏ దిక్కుకు తిరుగుతుందో చూడండి.

అలాగే విశ్రాంతి దినాన ఇళ్ళల్లో నిప్పు రాజెయ్యొద్దు అనే ఆజ్ఞ (నిర్గమకాండము 35:3). ముందే వెలిగించుకుంటే పర్లేదు అన్నారు రబ్బీలు, శుక్రవారం సాయంత్రం దీపం పెట్టడం యూదు ఇంట్లో పుణ్యకార్యం అయింది. నోటి సంప్రదాయాన్ని ఒప్పుకోని కరాయీలు వెలుగుతున్న దీపం కూడా ఉండకూడదని చీకట్లో కూర్చున్నారు. ఇద్దరూ యూదులే, ఇద్దరూ భక్తితోనే.

మన తెలుగులో "యెహోవా నా కాపరి" అని చిన్నపిల్లలు కూడా అప్పజెప్తారు కదా, యూదులు ఆ నాలుగక్షరాల పేరు పలకరు, అక్కడికొస్తే "అదొనాయ్", ప్రభువు అని చదువుతారు. ఆ సంగతి గుర్తు చేయడానికి మసోరెతులు పేరు హల్లులకి అదొనాయ్ గుణింతం పెట్టారు, తర్వాతెవరో రెండూ కలిపి చదివేస్తే వచ్చిన రూపం యెహోవా. మా అమ్మ పోయే ముందురోజు ఆ కీర్తన చదివించుకుంది. ఈ భాషాశాస్త్రమంతా తెలిసే చదివాను, నా గొంతులో యెహోవా అనే వచ్చింది, ఆమెకి అదే దేవుడి పేరు.

తెలుగువాళ్ళలో యూదులు కూడా ఉన్నారని మీకు తెలుసో లేదో. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే సమాజం ఉంది, మాదిగ కుటుంబాలు, ముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్ళు. మనం చదివే ఇదే పాత నిబంధనలో వాళ్ళు తమ పూర్వీకుల ఆచారాల్ని గుర్తుపట్టి, మేము ఎఫ్రాయిము గోత్రం అని విశ్రాంతి దినం పాటిస్తూ ప్రార్థన మందిరం కట్టుకున్నారు. చరిత్రకారులు ఏమంటారనేది వేరే చర్చ. పల్లె చివర నిలబెట్టిన మనుషులు ఆ పుస్తకంలో తమకొక వంశం చూసుకున్నారు, దాన్ని నేను చాలా గౌరవంగా చూస్తాను.

చివరిగా మీరు రాసిన "ఎలా చదవాలి మరి" అనే దానికి. వీలైతే యూదుల పెద్ద బైబిల్ పేజీ ఒకటి ఫోటో అయినా చూడండి, వెనిస్‌లో 1524-25లో అచ్చయిన నమూనా ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో నాలుగు ముక్కల మూలం, పక్కన అరామిక్ అనువాదం, చుట్టూ ఒకవైపు రాషీ, ఇంకోవైపు ఇబ్న్ ఎజ్రా, ఒకరితో ఒకరు ఒప్పుకోనివాళ్ళు ఒకే పేజీలో. మన మెదక్ సీమ కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్యానం రాశాడు కదా, ఆ క్రమశిక్షణ ఉన్నవాళ్ళు ఆ పేజీలోనూ ఉన్నారు, కథలు అల్లేవాళ్ళూ ఉన్నారు. సెఫారియా అనే వెబ్‌సైట్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లీషు చదవగలిగితే చాలు.

యెషయాతో మొదలుపెట్టకండి, అక్కడ గొడవ ఎక్కువ. యోనా తీసుకోండి. నాలుగే అధ్యాయాలు, అరగంట పని. యూదులు దాన్ని యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం మధ్యాహ్నం, ఉపవాసంతో నీరసంగా ఉన్నప్పుడు మొత్తం చదువుతారు, పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడనే దానికోసం. మనం చేప కడుపులో మూడు రోజుల దగ్గర ఆగి పునరుత్థానం చూస్తాం. ముస్లింలు చేప కడుపులో యూనుస్ చేసిన ప్రార్థనని కష్టకాలంలో తామూ చేస్తారు. ముందు ఇవేవీ పెట్టుకోకుండా ఒకసారి చదవండి, తర్వాత ఒక్కొక్కళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ చదవండి. ఆ పుస్తకం దేవుడు యోనాని అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోతుంది, యోనా జవాబు రాయలేదు. మీకేం అనిపించిందో ఇక్కడే కింద రాయండి, నేను చూస్తాను.